భయపడినంత మాత్రాన వాళ్లు గెలిచినట్టు కాదు

ఒక పాఠకురాలి ఉత్తరం ఇది, కొంచెం కుదించి ఇస్తున్నాను.

"ఆ స్టేషన్‌లో జరిగిన బాంబు దాడి వీడియోలు చూసినప్పటి నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. అర్ధరాత్రి దాటేదాకా ఫోన్‌లో అవే వార్తలు చూస్తూ కూర్చుంటున్నాను. రోజూ మెట్రోలోనే ఆఫీసుకు వెళ్లాలి. మొన్న గడ్డం ఉన్న ఒక అబ్బాయి వీపున పెద్ద బ్యాగుతో వచ్చి పక్కన నిలబడితే గుండె దడదడలాడిపోయి నా స్టేషన్ రాకుండానే దిగిపోయాను. తర్వాత వచ్చిన రైలెక్కి ఆఫీసుకు వెళ్లాను గానీ ఆ రోజంతా పని చెయ్యలేకపోయాను. నేను ఎందుకు దిగానో ఆ అబ్బాయికి అర్థమైంది, అతని మొహంలో కనిపించింది. నా మీద నాకే అసహ్యం వేసింది. మా ఆయనతో చెబితే 'మనం భయపడితే వాళ్లు గెలిచినట్టే' అంటారు. అందరూ అదే అంటున్నారు. మా బాబుకి తొమ్మిదేళ్లు. వచ్చే నెల స్కూలు వాళ్లు సైన్స్ మ్యూజియంకి తీసుకెళ్తామంటున్నారు. పంపాలంటే మనసొప్పడం లేదు, వద్దనడానికీ మనసొప్పడం లేదు. నేను పిరికిదాన్నా? ఈ భయం పోవాలంటే ఏం చెయ్యాలి?"

కాదండీ, మీరు పిరికివారు కారు. తర్వాతి రైలెక్కి ఆఫీసుకు వెళ్లానని ఉత్తరం మధ్యలో ఎక్కడో ఒక ముక్క రాసి వదిలేశారు చూడండి, నాకు అన్నిటికంటే ముందు కనిపించింది అదే. గుండె దడ తగ్గకుండానే, కాళ్లలో వణుకు ఉండగానే మళ్లీ ఎక్కారు. ధైర్యం అంటే నాకు తెలిసి అదే. అసలు భయమే లేనివాళ్లు రైలెక్కితే అందులో మెచ్చుకోవడానికి ఏముంది, వాళ్లు మామూలుగా రైలెక్కారు, అంతే.

ఇక "భయపడితే వాళ్లు గెలిచినట్టే" అన్న మాట. ప్రతి దాడి తర్వాతా ఇది వినిపిస్తుంది, నాయకులు అంటారు, టీవీల్లో అంటారు, ఇంట్లో వాళ్లూ అంటారు. అనేవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు గానీ నాకు మాత్రం ఈ మాటంటే కోపం. ఎందుకంటే అసలే భయంతో నలిగిపోతున్న మనిషి నెత్తిన అది ఇంకో బరువు పెడుతుంది. రాత్రి నిద్ర లేదు, పైగా నిద్ర పట్టనందుకు శత్రువుకి సాయం చేశామేమో అన్న సిగ్గు ఒకటి. భయం మన అనుమతి అడిగి రాదు కదా. ఒంటికి దానంతటదే జరిగేదాన్ని ఎవడో సాధించిన గెలుపుగా లెక్కేస్తే, ఇక ప్రపంచంలో ఏ దాడీ ఓడిపోదు, బాంబు పేలిన మరుక్షణమే వాడు గెలిచేసినట్టు.

బ్రయన్ జెంకిన్స్ అనే అమెరికన్ పరిశోధకుడు 1970లలోనే ఒక సంగతి చెప్పాడు, ఉగ్రవాదులకు చాలామంది చావడం కంటే చాలామంది చూడటం ముఖ్యమని. ఆ తర్వాతి కాలంలో వీలైనంత ఎక్కువమందిని చంపాలని చూసినవాళ్లూ వచ్చారు, అయినా చూసేవాళ్లు కావాలన్న సంగతి మాత్రం మారలేదు. చూసిన మనం ఆ తర్వాత ఏం చేస్తామో దాని మీదే వాళ్ల ఆశంతా. మన భయం మనల్ని ఎటు నడిపిస్తుంది, ఎవరి మీదికి ఉసిగొల్పుతుంది, ఏ కాగితాల మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టిస్తుంది, అదీ వాళ్లు ఎదురుచూసేది. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికాలో చాలామంది విమానాలు మానేసి కార్లలో దూర ప్రయాణాలు మొదలుపెట్టారు. ఆ తర్వాతి ఏడాదిలో దీనివల్ల రోడ్డు ప్రమాదాల్లో అదనంగా సుమారు 1,500 మంది చనిపోయారని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగరెంజర్ లెక్కగట్టాడు. హైజాక్ అయిన ఆ నాలుగు విమానాల్లో ప్రయాణిస్తూ చనిపోయినవాళ్ల కంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ 1,500 మందీ ఎవరి బాంబుకీ బలికాలేదు. వాళ్లలో ఎవరూ ఉగ్రవాద బాధితుల జాబితాలో లేరు, ఏ స్మారకం మీదా వాళ్ల పేర్లు ఉండవు.

అవే దాడులు జరిగిన నాలుగో రోజున, అరిజోనాలో పెట్రోల్ బంకు నడుపుకుంటున్న ఒక సిక్కు వ్యక్తిని ఒకడు కాల్చి చంపాడు. తలపాగా, గడ్డం చూసి చంపాడు. లండన్‌లో 2005 జులై 22న, ఏ దాడితోనూ సంబంధం లేని 27 ఏళ్ల బ్రెజిల్ ఎలక్ట్రీషియన్‌ని ఆత్మాహుతి బాంబర్ అనుకుని పోలీసులే మెట్రో రైల్లో కాల్చేశారు. వాడు గెలవడం అంటే ఇలాంటివి. మీ గుండె దడ ఈ లెక్కలోకి రాదు. మీ భయం మీదే, దాన్ని ఎటు పోనిస్తారన్నదీ మీ చేతుల్లోనే ఉంది.

లండన్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెబుతాను, ఎందుకంటే మీ ఉత్తరం చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది. 2005 జులై 7న అక్కడ మూడు భూగర్భ రైళ్లలో, ఒక బస్సులో బాంబులు పేలి 52 మంది చనిపోయారు. లండన్ జనం చెక్కు చెదరలేదని, మర్నాడే పనుల్లోకి వెళ్లారని ప్రపంచమంతా మెచ్చుకుంది. నిజమే, వెళ్లారు. కానీ దాడి జరిగిన రెండు వారాల లోపే కొందరు పరిశోధకులు లండన్ వాసులకు ఫోన్లు చేసి అడిగితే 31 శాతం మంది తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నామని చెప్పారు. దాదాపు అంతే శాతం మంది ఇకమీద ప్రయాణాలు తగ్గించుకుంటామన్నారు. అంటే అప్పటి లండన్‌లో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు మీలాగే ఉన్నారన్నమాట, బయటికి చెప్పలేదు అంతే. ఏడు నెలల తర్వాత మళ్లీ అడిగితే ఆ 31 శాతం 11కి దిగింది. ఎవరో వచ్చి ధైర్యం నూరిపోస్తే తగ్గింది కాదది, రోజులు గడిచి, రోజూ అదే రైలెక్కి, ఏమీ జరగకుండా దిగి, అలా అలా తగ్గి ఉంటుంది. అయితే ఆ మిగిలిన 11 శాతం సంగతి కూడా మనసులో పెట్టుకోండి, అందరికీ దానంతటదే తగ్గదు.

ఆ సర్వేలోనే ఇంకో సంగతి ఉంది, అది మీ పక్కన నిలబడ్డ అబ్బాయికి సంబంధించింది. ఎవరిలో ఒత్తిడి ఎక్కువగా ఉందని చూస్తే, ఆ రోజు ఇంట్లో వాళ్లకు ఫోన్ కలవక అల్లాడిపోయినవాళ్లు ఒకరు, నేనూ చచ్చిపోయేవాడినేమో అనుకున్నవాళ్లు ఒకరు, మూడోది ముస్లింలు. ఒక్కసారి ఆలోచించండి. బాంబు అందరి మీదా ఒకేలా పేలుతుంది, పేర్లు అడగదు, లండన్ రైళ్లలో ముస్లింలూ చనిపోయారు. కాబట్టి మీకున్న భయమే అతనికీ ఉంది. దానికి తోడు ఇంకోటి, పక్కవాళ్లు నన్ను చూసి ఏమనుకుంటున్నారో, బ్యాగు ఒళ్లో పెట్టుకోవాలా కింద పెట్టాలా, ఫోన్‌లో మా భాషలో మాట్లాడొచ్చా, గడ్డం తీసేయాలా, అదో భయం. మీరు ఒక భయం మోస్తూ రైలెక్కుతున్నారు, అతను రెండు మోస్తున్నాడు. అతని మతం ఏమిటో మీకూ తెలియదు, నాకూ తెలియదు, ఒకవేళ అతను మీ మతం వాడే అయినా గడ్డం పెంచుకున్నందుకు ఆ రెండో భయం అతనికి వచ్చి ఉంటుంది.

ఇది మిమ్మల్ని ఇంకా సిగ్గుపడేలా చెయ్యడానికి చెప్పడం లేదు, అసహ్యం వేసిందని మీరే రాశారు, ఆ అసహ్యం వేసింది కాబట్టే మీతో ఇంత వివరంగా మాట్లాడాలనిపించింది. మొహం చూసి ఉగ్రవాదిని పట్టడం అసలు పని చెయ్యదు, ఆ సంగతి తెలిస్తే మీకు కొంచెం తేలికవుతుంది. 1995లో అమెరికాలోని ఓక్లహోమా సిటీలో ప్రభుత్వ భవనాన్ని పేల్చేసి 168 మందిని చంపినప్పుడు మొదట అనుమానమంతా పశ్చిమాసియా వాళ్ల మీదికి పోయింది, తీరా చేసినవాడు అమెరికా సైన్యంలో పనిచేసి వచ్చిన తెల్లవాడు. 2011లో నార్వేలో ఒక్కడే 77 మందిని చంపాడు, అప్పుడూ మొదటి గంటల్లో ఇలాగే అనుకున్నారు, వాడు నార్వేవాడే, యువజన శిబిరం జరుగుతున్న ఉటోయా దీవిలోకి పోలీసు వేషంలో వెళ్లాడు. పోలీసు బట్టల్లో ఉన్నవాడిని చూసి ఏ తల్లి అయినా దూరం జరుగుతుందా? పిల్లలు అతని దగ్గరికే పరిగెత్తారు. 2013లో బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత ఇంటర్నెట్‌లో జనం ఫొటోలు పోల్చి పోల్చి ఒక విద్యార్థిని నిందితుడిగా తేల్చేశారు. అతనికి ఏ సంబంధమూ లేదు, అప్పటికి కొన్ని వారాలుగా అతను కనిపించక ఇంట్లో వాళ్లు వెతుక్కుంటున్నారు, తర్వాత తెలిసిందేమంటే ఆ సమయానికి అతను బతికే లేడు. కొడుకు కోసం ఏడుస్తున్న ఆ కుటుంబానికి వచ్చిన ఫోన్లు, తిట్లు ఊహించుకోండి.

మరి జాగ్రత్త వద్దా అంటే, కావాలి. మనిషి రూపం వదిలేసి చేష్టలు చూడండి. బ్యాగు సీటు కింద పెట్టి మనిషి దిగి వెళ్లిపోతే అప్పుడు లేవండి, ఆ బ్యాగు ముట్టుకోకుండా సిబ్బందికి చెప్పండి, పక్కవాళ్లని దూరం జరగమనండి, చెప్పాక అది ఎవరో మర్చిపోయిన లంచ్ బాక్స్ అని తేలినా సిగ్గుపడకండి. బ్యాగు వీపున తగిలించుకుని నిలబడ్డవాడు కాలేజీకో ఆఫీసుకో పోతున్నవాడు.

రేపు మళ్లీ అలాంటి ఎవరైనా పక్కన నిలబడతారు, దడ మళ్లీ మొదలవుతుంది. వెంటనే దిగకండి. ఒక్క స్టేషన్ ఆగుదాం అనుకోండి చాలు, చివరిదాకా వెళ్తానని ప్రతిజ్ఞలు అక్కర్లేదు. ఊపిరి పీల్చడం కంటే వదలడం మెల్లగా, ఎక్కువసేపు చెయ్యండి. దడ ఎక్కి ఎక్కి ఒక చోట ఆగి దానంతటదే దిగుతుంది, కానీ మనం మధ్యలో దిగిపోతే ఆ దిగడం చూడలేం, పైగా దిగబట్టే బతికాం అని మనసు లెక్క రాసుకుంటుంది, తర్వాతిసారి ఇంకా త్వరగా దింపేస్తుంది. ఇజ్రాయెల్‌లో బస్సుల్లో వరసగా బాంబులు పేలుతున్న రోజుల్లో ఇద్దరు ఆర్థికవేత్తలు, గ్యారీ బెకర్, యోనా రూబిన్‌స్టీన్, జనం బస్సులెక్కడం ఎంత తగ్గిందో చూశారు. ఎప్పుడో ఒకసారి ఎక్కేవాళ్లు బాగా తగ్గించేశారు, రోజూ ఎక్కేవాళ్లు దాదాపు మానలేదు. రోజూ ఎక్కేవాళ్లేమీ పుట్టుకతో వీరులు కారు, రోజూ ఎక్కడమే వాళ్లకు భయాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్పింది. మీరు కూడా రోజూ ఎక్కేవాళ్లే కదా.

ఆ అబ్బాయి మళ్లీ కనిపిస్తే? సారీ చెప్పాల్సిన పని లేదు, బలవంతంగా నవ్వాల్సిన పనీ లేదు. పక్కన ఖాళీ ఉంటే కొంచెం జరిగి చోటివ్వండి. అతనికి అర్థమవుతుంది.

ఇక ఫోన్ సంగతి, దీని గురించి మాత్రం నేను గట్టిగానే చెబుతాను. బోస్టన్ పేలుళ్ల తర్వాత చేసిన ఒక పరిశోధనలో, ఆ వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకంటే ఎక్కువ ఆ వార్తలే చూసినవాళ్లలో ఒత్తిడి లక్షణాలు, పేలుడు జరిగిన చోట స్వయంగా ఉన్నవాళ్ల కంటే ఎక్కువగా కనిపించాయి. ఇంకోసారి చదవండి ఆ వాక్యం. అక్కడ ఉన్నవాడు ఆ పేలుడు ఒక్కసారి చూశాడు. ఫోన్‌లో చూసేవాళ్లు అదే పేలుడు ఈ కోణం నుంచి, ఆ కోణం నుంచి, స్లో మోషన్‌లో, సంగీతం జోడించి, కింద ఎర్ర అక్షరాలు పరిగెడుతుండగా, రోజుల తరబడి చూస్తూనే ఉంటారు. మీ ఒంటికి అవి వేర్వేరు దాడులే, ఇది పాతదే అని దానికి తెలియదు. మీరు నిద్ర పట్టక వార్తలు చూస్తున్నాననుకుంటున్నారు, వార్తలు చూడబట్టే నిద్ర పట్టడం లేదేమో అని నా అనుమానం.

అందుకని వీడియోలు పూర్తిగా ఆపేయండి. ఏం జరిగిందో తెలుసుకోవాలంటే పగటిపూట ఒకసారి చదవండి, చదవడం చాలు, చూడక్కర్లేదు. రాత్రి ఫోన్ వేరే గదిలో పెట్టండి. గ్రూపుల్లో వచ్చే "రేపు ఇక్కడ పేలుస్తారట, అందరికీ పంపండి" లాంటివి ఎవరు పంపినా సరే మీ దగ్గరే ఆపేయండి. 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడు ఆ హత్యల్ని ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టాడు. మొదటి 24 గంటల్లో ఆ వీడియో కాపీలు 15 లక్షలు తొలగించామని ఫేస్‌బుక్ చెప్పింది. 15 లక్షలు! వాడు ఒక్కసారి పెట్టాడు, మిగతావన్నీ మళ్లీ మళ్లీ పెట్టింది జనమే. ఆ దేశ అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ వాడి పేరు నా నోట రానివ్వను అని పార్లమెంటులో చెప్పి, చనిపోయినవాళ్ల పేర్లు తలుచుకోండని అడిగింది. నాకు చాలా నచ్చిన పని అది. మీ ఇంట్లోనూ చెయ్యొచ్చు, చంపినవాడి జీవిత చరిత్ర మీకు అక్కర్లేదు.

మీ ఆయన బహుశా లెక్కలు కూడా చెప్పి ఉంటారు, రోడ్డు ప్రమాదాల్లో ఎక్కువమంది పోతున్నారు కదా అని. లెక్క సరైనదే. ప్రపంచవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో ఏటా 11 లక్షల మందికి పైగా చనిపోతున్నారు. ఉగ్రవాదంలో, ఈ మధ్య కాలంలో అత్యంత ఘోరమైన 2014 సంవత్సరంలో కూడా మృతులు 50 వేల లోపే, అందులోనూ ఎక్కువమంది ఇరాక్, నైజీరియా, అఫ్గానిస్తాన్ లాంటి కొన్ని దేశాల్లోనే. అయినా ఈ లెక్క విని ఎవరికీ గుండె కుదుటపడదు, నాకూ పడదు. లారీకి మన మీద పగ లేదు. ఇక్కడ ఎవడో కూర్చుని, మనలాంటి వాళ్లని చంపాలని పథకం వేసి, సమయం చూసి వచ్చాడు, ఆ సంగతి తలుచుకుంటేనే కడుపులో దేవినట్టవుతుంది, అది అంకెలతో పోయేది కాదు. కాబట్టి లెక్కల్ని భయం పోగొట్టుకోవడానికి వాడకండి, ఏదైనా నిర్ణయం తీసుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం వాటినే ముందు పెట్టుకోండి. మెట్రో మానేసి రోజూ స్కూటర్ మీద పోదామా అని ఆలోచన వస్తే (వచ్చే ఉంటుంది), అప్పుడు ఆ 1,500 మంది గుర్తు రావాలి.

జనం ధైర్యం గురించి ఇంకొక మాట, ఇది మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. 2006 జులై 11న ముంబయి లోకల్ రైళ్లలో పదకొండు నిమిషాల్లో ఏడు బాంబులు పేలి 180 మందికి పైగా చనిపోయారు. మర్నాడు పొద్దున్నే అవే రైళ్లు, అదే రద్దీ. ముంబయి స్పిరిట్ అని అందరూ పొగిడారు. ఆ రైళ్లలో ఉన్నవాళ్లలో చాలామంది మాత్రం, వెళ్లకపోతే ఆ రోజు జీతం పోతుంది, వెళ్లక చస్తామా అన్నారు. వాళ్లకు భయపడే తీరిక కూడా ఎవరూ ఇవ్వలేదు. బతుకుతెరువు కోసం ఎక్కినవాళ్లకు ధైర్యవంతులని బిరుదిచ్చి చేతులు దులుపుకోవడం పాలకులకు చాలా సులువు. ప్లాట్‌ఫాం మీద తనిఖీలు ఏమయ్యాయి, అంబులెన్స్ ఎంతసేపటికి వచ్చింది, కేసు ఎక్కడిదాకా వచ్చింది అని అడిగేవాళ్లు అప్పుడు స్పిరిట్ లేనివాళ్లయిపోతారు.

అడగడం కూడా ధైర్యమే. మాడ్రిడ్‌లో 2004 మార్చి 11న రైళ్లలో బాంబులు పేలి 190 మందికి పైగా చనిపోయారు. మర్నాడు సాయంత్రం వానలో, స్పెయిన్ అంతటా కోటి మందికి పైగా రోడ్ల మీదికి వచ్చారు, ఆ దేశ జనాభాలో నాలుగో వంతు. వాళ్లు ఊరికే కొవ్వొత్తులు పట్టుకుని నిలబడలేదు, ఎవరు చేశారో చెప్పండి అని కేకలు పెట్టారు, ఎందుకంటే ప్రభుత్వం అప్పటికి స్పెయిన్‌లోనే ఉన్న బాస్క్ ప్రాంతపు వేర్పాటువాదుల పేరు చెబుతోంది, జనానికి నమ్మకం కుదరలేదు, తర్వాత అది తప్పని తేలింది. దాడి జరిగిన మూడు రోజులకే వచ్చిన ఎన్నికల్లో ఆ ప్రభుత్వం ఓడిపోయింది. ఆ జనం కూడా భయపడ్డారు, కొన్నాళ్లు రైలు ప్రయాణాలు తగ్గించుకున్నారు కూడా. నార్వేలో విచారణ కమిషన్ వేస్తే అది మా పోలీసులు హంతకుణ్ణి ఇంకా ముందే ఆపగలిగేవాళ్లని నిర్మొహమాటంగా రాసింది, పోలీసు అధిపతి పదవి వదిలేశాడు. హంతకుణ్ణి మామూలు కోర్టులోనే విచారించారు. ఆ విచారణ నడుస్తుండగా, పిల్లలు పాడుకునే ఒక పాట వాళ్ల మనసుల్ని పాడుచేస్తోందని వాడు కోర్టులో అంటే, సుమారు 40 వేల మంది ఓస్లోలో వానలో నిలబడి ఆ పాటే పాడారు. మీ స్టేషన్‌లో మెటల్ డిటెక్టర్ పాడైపోయి ఉంటే, పక్కన మనిషి కూడా లేకపోతే, ఆ సంగతి రాసి ఫిర్యాదు చెయ్యండి. భయానికి చెయ్యడానికి ఒక పని దొరికితే సగం తగ్గుతుంది.

పని అంటే గుర్తొచ్చింది, మీరు నేర్చుకోదగ్గవి కొన్ని ఉన్నాయి. రోజూ వెళ్లే స్టేషన్‌లో రెండో దారి ఎటో చూసి పెట్టుకోండి. ఇంట్లో ముగ్గురూ కూర్చుని, ఎప్పుడైనా ఏదైనా జరిగి ఒకరికొకరం దొరక్కపోతే ఎక్కడ కలవాలో అనుకోండి. అలాంటప్పుడు అందరూ ఒకేసారి చెయ్యడంతో కాల్స్ కలవవు, "బాగున్నాను" అని మెసేజ్ పెడితే అది చేరే అవకాశం ఎక్కువ, ఈ ఒక్కటి ముందే అనుకుని ఉంటే లండన్‌లో ఎంతోమందికి ఆ రోజంతా నరకం తప్పేది. కాల్పుల చప్పుడు వినిపిస్తే వీడియో తియ్యకుండా దూరంగా పరిగెత్తడం, వీలు కాకపోతే దాక్కుని ఫోన్ సైలెంట్‌లో పెట్టడం. రక్తం ధారగా పోతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి రెండు చేతులతో గట్టిగా నొక్కి, సాయం వచ్చేదాకా తియ్యకుండా ఉండటం. వీలుంటే ప్రథమ చికిత్స క్లాసుకి వెళ్లండి, అది రోడ్డు ప్రమాదంలోనూ పనికొస్తుంది.

పేలుడు జరిగితే జనం తొక్కుకుని చస్తారని, ఎవడి ప్రాణం వాడిదని అనుకుంటాం. లండన్ రైళ్ల నుంచి బతికి బయటపడ్డవాళ్లతో మాట్లాడిన పరిశోధకులకు వినిపించింది వేరు. పొగ, చీకటి, ఎవరూ వస్తారో రారో తెలియని సొరంగం, అందులో ముక్కూమొహం తెలియనివాళ్లు ఒకరికొకరు నీళ్లు ఇచ్చుకున్నారు, చేతులు పట్టుకున్నారు, గాయాలకు కట్లు కట్టారు. న్యూయార్క్‌లో సెప్టెంబర్ 11న, మన్‌హాటన్ దక్షిణ కొసలో ఇరుక్కుపోయిన దాదాపు ఐదు లక్షల మందిని ఫెర్రీలు, టగ్ బోట్లు, చేపల పడవలు తొమ్మిది గంటల్లో దాటించాయి. 2008 నవంబర్ 26 రాత్రి ముంబయి సీఎస్‌టీ స్టేషన్‌లో కాల్పులు జరుగుతుంటే రైల్వే అనౌన్సర్ ఒకాయన తన గదిలోంచి కదలకుండా, ఎటు నుంచి బయటికి వెళ్లాలో మైకులో చెబుతూనే ఉన్నాడు, ఆ గొంతు విని ఎంతమంది బయటపడ్డారో. మీ బోగీలో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఇలాంటివాళ్లే, ఆ గడ్డం అబ్బాయితో సహా.

బాబుని మ్యూజియంకి పంపండి. పంపే ముందు స్కూలుకి వెళ్లి అడగండి, ఎంతమంది పిల్లలకు ఒక టీచర్, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ లెక్క చూస్తారా, తప్పిపోతే ఎక్కడ నిలబడమని చెబుతారు, బస్సుకి సీటు బెల్టులున్నాయా. ఇవి ఏ టూరుకైనా అడగాల్సినవే, నిజానికి ఆ బెల్టు సంగతే ముఖ్యం. మీ ఫోన్ నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టండి. ఆ రోజు మీకు టెన్షన్‌గానే ఉంటుంది, ఉండనివ్వండి, కానీ గంటగంటకూ టీచర్‌కి ఫోన్ చెయ్యకండి.

బాబు ఈ దాడి గురించి స్కూల్లో వినే ఉంటాడు. మీరు మాట్లాడకపోతే వాడికి తెలియదని కాదు, అమ్మకు చెప్పకూడని సంగతి అనుకుంటాడు. ముందు వాడేం విన్నాడో అడగండి, తర్వాత నిజం చిన్నగా చెప్పండి, కొంతమంది చెడ్డ పని చేశారు, చాలామందికి దెబ్బలు తగిలాయి, డాక్టర్లు, పోలీసులు, మామూలు మనుషులు చాలామంది సాయం చేశారు. "మనకు ఎప్పటికీ ఏమీ కాదు" అని మాటివ్వకండి, తొమ్మిదేళ్లవాడికి అది నిజం కాదని తెలుసు. "నువ్వు జాగ్రత్తగా ఉండేలా చూసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు" అనండి, అది నిజం. టీవీ మాత్రం ఆపండి, చిన్నపిల్లలు ఒకే దృశ్యం మళ్లీ మళ్లీ వేస్తుంటే మళ్లీ మళ్లీ పేలుతోందనుకుంటారు. మీరు ఆ అబ్బాయిని చూసి దిగిపోయినట్టు రేపు వాడి క్లాసులో ఎవరినైనా చూసి వీడు దూరం జరగకుండా ఉండాలంటే ఆ ముక్క కూడా ఇప్పుడే చెప్పాలి, ఫలానా వాళ్లంతా చెడ్డవాళ్లు అని ఎవరైనా అంటే అది అబద్ధమని.

మీ ఆయన మీద కోపం పెట్టుకోకండి. ఆ డైలాగ్ వెనక ఆయన భయం కూడా ఉండి ఉంటుంది, చాలామంది మగవాళ్లకు అది చెప్పుకోవడం చేతకాదు. "నాకు భయంగా ఉంది, సలహా వద్దు, కాసేపు విను" అని అడిగి చూడండి. వీలైతే ఒక వారం పాటు పొద్దున మీతో కలిసి మెట్రోలో రమ్మనండి, ఆ తర్వాత ఒక్కరే వెళ్లండి.

ఇవన్నీ చేస్తున్నా, దాడి జరిగి నెల దాటాక కూడా నిద్ర పట్టకపోయినా, ఆ దృశ్యాలు పిలవకుండానే కళ్ల ముందుకు వస్తున్నా, మెట్రో మానేసే దాకా వచ్చినా, చిన్న చప్పుడుకే ఒళ్లు ఝల్లుమంటున్నా ఇక సొంతంగా నెట్టుకు రావాలని చూడకండి, మానసిక వైద్యులను గానీ సైకాలజిస్టును గానీ కలవండి. ఇలాంటి భయానికి మాటలతో చేసే చికిత్సలు బాగా పనిచేస్తాయి, అందరికీ మందులు అవసరం పడవు. వెళ్లినప్పుడు ఎప్పటి నుంచి, రాత్రి ఎన్ని గంటలు నిద్ర, ఏమేం మానేశారు, ఈ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్లండి, అక్కడ కూర్చున్నాక సగం మర్చిపోతాం.